కొండ నుండి కొండకు కాంతివార్త



ఒక పరిశ్రమకు చెందిన వేరువేరు స్థలములను తీగ లాగకుండ, నేల త్రవ్వకుండ, కేవలము వెలుగుచేత ఒకదానితో నొకటి కలుపు విద్యను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఈ విద్య దూరదేశముల వింతగా తోచవచ్చును గాని, అనంతపురము మెట్టసీమలో పరిశ్రమ నెలకొల్పినవారును, ఇచ్చటి కళాశాలలలో ఇంజనీరింగు చదువుచున్న యువకులును, యువతులును దీనిని తమ సొంత పనిగా విచారింపవలెనని నా విశ్వాసము.

2017వ సంవత్సరము ఏప్రిలు మాసమున కొరియా దేశపు కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, పెనుకొండకు చేరువనున్న ఎర్రమంచి పొలములలో 536 ఎకరముల విస్తీర్ణమున, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటికి మూడు లక్షల కార్లు తయారు చేయగల కర్మాగారమును నిర్మించి, 2019 ఆగస్టు 8వ తేదీన తన తొలి సెల్టోస్ కారును వెలికి తెచ్చినది. వాన కెదురుచూచుచు వేరుసెనగ విత్తుకొను రైతుల నడుమ, హంద్రీ-నీవా కాలువ గొల్లపల్లి జలాశయమునకు చేర్చిన కృష్ణా జలముల నాధారము చేసికొని వెలసిన ఆ కర్మాగారము ఒంటరిగా నిలుచునది కాదు. కారులో నమర్చు సీట్లు, బంపర్లు, ఇతర విడిభాగములు సమకూర్చు అనుబంధ పరిశ్రమలు దాని చుట్టుప్రక్కల వెలసినవి. ఆ పరిశ్రమ లన్నియు గోడలచేతను, రహదారులచేతను వేరుపడి యున్నను, పనిలో మాత్రము ఒకే దేహమునకు అవయవములై మెలగవలసి యున్నవి.

నేటి కార్ల పరిశ్రమలో విడిభాగములను నెలల తరబడి గిడ్డంగిలో నిలువచేయు పద్ధతి లేదు. రంగుల విభాగము నుండి ఏ వర్ణపు దేహము ఏ వరుసలో వెడలినదో ఆ సమాచారము తక్షణమే సీట్లు చేయువానికి చేరవలెను. అతడు ఆ వరుస తప్పకుండ సీట్లను లారీకి ఎక్కింపవలెను. కొన్ని గంటలలో ఆ సీట్లు అదే వరుసలో కూర్పు పట్టాల యొద్దకు వచ్చి నిలువవలెను. ఈ ఏర్పాటున సరకు కంటె ముందు వార్త ప్రయాణము చేయును. దానికి తోడు, తయారీలోని లోపములను పసికట్టు కెమెరాలు క్షణక్షణమును పంపు చిత్రములును, యంత్రముల నమూనా పటములును, గేటు వద్ద వాహనముల లెక్కలును, కాపలా కెమెరాల దృశ్యములును ఒక స్థలము నుండి మరియొక స్థలమునకు ఎడతెగక ప్రవహింపవలసి యుండును. ఇంతటి ప్రవాహమునకు సన్నని దారి చాలదు.

ఇందులకు శ్రేష్ఠమైన సాధనము భూమిలో పాతిన ఆప్టికల్ ఫైబర్ కేబులే యనుట నిస్సందేహము. గాజుపోగులో బంధింపబడిన కాంతికి వానయు లేదు, ధూళియు లేదు. అయితే ఆ కేబులును పాతుట ఎట్లు? మన సీమలో జానెడు మన్ను క్రిందనే గట్టి రాయి తగులును. దారిలో జాతీయ రహదారి వచ్చినచో ఒక అనుమతి, రైలుమార్గము వచ్చినచో వేరొక అనుమతి, కాలువ వచ్చినచో ఇంకొకటి, పంచాయతీ బాట వచ్చినచో మరియొకటి పొందవలెను. ఇన్నింటిని దాటి కేబులు పాతిన తరువాతనైనను, రోడ్డు వెడల్పు చేయుటకు వచ్చిన జేసీబీ ఒక్క గంటుతో దానిని తెంపుట మనకు పరిచితమైన దృశ్యమే. ఈ కష్టము నెరిగియే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన ఫైబర్ గ్రిడ్డును నేలలో పాతక, కరెంటు స్తంభముల మీదుగా వేలాడదీసి ఊరూరికి నడపినది.

కేబులు పోలేని చోట, లేదా పోవుటకు ఏళ్ళు పట్టు చోట, కాంతిని గాజుపోగు నుండి విడుదల చేసి గాలిలోనే నడపుట మనము విచారించు విద్య. ఒక కట్టడము మీద ఒక పెట్టె, ఎదుటి కట్టడము మీద దాని జతపెట్టె; ఆ రెంటి నడుమ అడ్డులేని చూపు; పరికర మంతయు ఇంతియే. ఒక పెట్టెలోని లేసరు, మనము పంపదలచిన సమాచారమును అనుసరించి సెకనుకు కోట్లాది పర్యాయములు తన వెలుగును మార్చుచుండగా, ఎదుటి పెట్టెలోని కటకము ఆ వెలుగును కూడగట్టి గ్రాహకము మీదికి చేర్చును. గ్రాహకము దానిని తిరిగి విద్యుత్ సంకేతముగా మార్చును. రెండు పెట్టెలును పంపుటయు, గ్రహించుటయు ఏకకాలముననే చేయును. ఈ వెలుగు మన కంటికి కనబడదు. సాధారణముగా వాడు 1550 నానోమీటర్ల తరంగము కంటి పైపొరలలోని నీటియందే చాలవరకు ఇంకిపోవుటచేత నేత్రపటలమునకు చేరదు. కావుననే తగిన పరిమితికి లోబడి దీనిని జనావాసముల మీదుగా నడపుటకు సందేహింప నక్కరలేదు. ఇది రేడియో తరంగము కాకపోవుటచేత స్పెక్ట్రము కేటాయింపు పొందవలసిన పనియు లేదు. అయినను రెండు స్థలముల నడుమ సొంత వార్తామార్గము నడపుటకు టెలికాం చట్టము విధించు నియమములను సంస్థ ముందుగా తెలిసికొనుట ధర్మము.

శ్రోతలారా, కొండ నుండి కొండకు చూపు సారించి పని నెరవేర్చుకొనుట ఈ సీమకు క్రొత్త కాదు. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేను ఆరంభించిన విలియం లాంబ్టన్, దక్షిణము నుండి ఉత్తరమునకు రేఖాంశము వెంబడి దేశమును కొలుచుకొనుచు వచ్చుచు, 1811లో మన గుత్తి ప్రాంతమున ఒక ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచెను. నేలమీద కొలిచినవి అట్టి ఆధారరేఖలు మాత్రమే. తక్కిన దంతయు శిఖరము నుండి శిఖరమునకు చూపు నిలిపి, కోణములు గ్రహించి, గణితముచేత సాధించినదే. అతని తరువాత అదే సర్వేను నడపిన జార్జి ఎవరెస్టు పగలు అద్దములచే సూర్యకాంతిని, రాత్రి దీపములను దూరశిఖరములపై మెరయించి గురిగా వాడుకొనెను. 1869లో పారసీక సింధుశాఖ తంతి విభాగమున ఉద్యోగియైన హెన్రీ మాన్స్ అద్దమును కదలించి సూర్యకాంతితో అక్షరములు పంపు హీలియోగ్రాఫు యంత్రమును రూపొందింపగా, రెండవ అఫ్గన్ యుద్ధములో అది కొండల నడుమ సైన్యములకు వార్తలు మోసినది. 1880లో టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహాం బెల్, తన సహచరుడు టెయింటరుతో కలసి, వాషింగ్టను నగరమున ఒక పాఠశాల మేడ మీది నుండి తన ప్రయోగశాలకు, 213 మీటర్ల దూరము, మనుష్యుని మాటను సూర్యకిరణము మీద నెక్కించి పంపెను. ఆ ఫోటోఫోనునే తన ఆవిష్కరణము లన్నింటిలో ఉత్తమమైనదిగా అతడు భావించెను. అయితే మబ్బు పట్టిన దినమున అది మూగవోయెడిది. 1960లో లేసరు వెలసిన పిదపనే ఆ భావమునకు సూర్యునిపై నాధారపడని వెలుగు దొరకినది.

మన రాష్ట్రము ఈ చరిత్రలో ఒక అధ్యాయమునకు వేదికయైనది. 2017 డిసెంబరులో గూగులు మాతృసంస్థయైన ఆల్ఫబెట్టుకు చెందిన ఎక్స్ ప్రయోగశాల, ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థతో కలసి, కేబులు చేరుటకు కష్టమైన తావుల నడుమ గాలిలో కాంతి నడపు రెండువేల లంకెలను 2018 నుండి నెలకొల్పుదుమని ప్రకటించినది. ఆకాశమున బెలూన్ల నుండి బెలూన్లకు వార్తలు పంపుటకై తమ లూన్ ప్రణాళికలో సాధించిన నైపుణ్యమును నేలమీదికి దింపుట వారి ఉద్దేశము. ఆ కృషియే క్రమముగా తారా అను పేర ఎదిగినది. దానికి నాయకుడు మద్రాసులో పెరిగిన మహేశ్ కృష్ణస్వామి. ఆ పరికరము అనుకూల పరిస్థితులలో ఇరువది కిలోమీటర్ల దూరమునకు సెకనుకు ఇరువది గిగాబిట్ల వేగమున సమాచారము మోయగలదని దాని నిర్మాతల మాట. 2021లో కాంగో నదికి ఇరుగట్లనున్న బ్రజవిల్, కిన్షాసా నగరముల నడుమ దీనిని నిలిపిరి. నది వెడల్పు ఐదు కిలోమీటర్లకు లోపు. కాని ఒక గట్టు నుండి మరియొక గట్టునకు కేబులు చుట్టి రావలసిన దూరము నాలుగువందల కిలోమీటర్లకు పైబడి యున్నది. ఇరువది దినములలో ఆ కాంతిలంకె సుమారు ఏడువందల టెరాబైట్ల సమాచారమును, నూటికి 99.9 వంతుల కాలము ఆగకుండ, దాటించినది. 2023లో భారతీ ఎయిర్‌టెల్ సంస్థయు మన దేశమున ఈ పరికరముల వాడుకకై వారితో చేతులు కలిపినది.

ఇక మన ఆకాశమును గూర్చి విచారింతము. కాంతిలంకెకు పరమశత్రువు వాన కాదు, మంచు. వానచినుకు మిల్లీమీటర్ల ప్రమాణము గలది. లేసరు తరంగము మిల్లీమీటరులో వేయింట ఒకటిన్నర వంతు మాత్రమే. చినుకులు ఎడమెడముగా పడుటచేత వాని నడుమ నుండి వెలుగు చాలవరకు తప్పించుకొని పోగలదు. పొగమంచులోని తుంపర లట్లు కాదు. అవి తరంగ ప్రమాణమునకు చేరువగా, లెక్కకు మిక్కిలిగా గాలిలో క్రిక్కిరిసి యుండి, కాంతిని అన్ని దిక్కులకు చెదరగొట్టును. ఇంజనీర్లు ఈ నష్టమును డెసిబెల్సులో లెక్కింతురు. ప్రతి పది డెసిబెల్సునకు వెలుగు పదియవ వంతునకు తగ్గును. నిర్మలమైన గాలిలో కిలోమీటరునకు అర డెసిబెల్ నష్టముండుట అరుదు. గంటకు ఇరువదియైదు మిల్లీమీటర్ల చొప్పున కురియు గట్టి వానలో ఆరు మొదలు పది డెసిబెల్సు పోవును. దట్టమైన పొగమంచులో నష్టము కిలోమీటరునకు నూరు డెసిబెల్సు మించును. అనగా పంపిన వెలుగులో వేయికోట్ల వంతులలో ఒక వంతు మాత్రమే మిగులును. అంతటి తెరను ఏ లేసరును ఛేదింపలేదు.

సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షమునకు నోచుకొను మన అనంతపురము సీమలో, పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగింపగా, తూర్పు తీరము దూరమగుటచేత ఈశాన్య ఋతుపవనము అలసి చేరగా, దినములలో అధికభాగము గాలి పొడిగా, చూపునకు తెరపిగా నుండును. ఉత్తరదేశపు మైదానములలో శీతకాలమున వారముల తరబడి క్రమ్ముకొను మంచు ఇచ్చట లేదు. ఏ కారణముచేత మన రైతు తరతరములుగా క్షామము ననుభవించుచున్నాడో, ఆ కారణమే ఈ సాధనమునకు మేలైన మార్గమును తెరచి యుంచినది. ఆ మేలును ఆ రైతు బిడ్డల బ్రతుకుతెరువునకు వినియోగించుటయే మనము చేయదగిన న్యాయము.

అయితే పొడి ఆకాశమునకును తన దోషములు కలవు. వానిని దాచి పరికరమును పొగడుట శ్రోతలకు అపకారము. మొదటిది ఎండ. వేసవి మధ్యాహ్నమున కాగిన నేలమీద గాలి పొరలు పొరలుగా పైకి లేచుచు, ఎదుటి వస్తువులను అలలు అలలుగా కదలించుట మనము చూచుచునే యుందుము. వేడి గాలికిని, చల్లగాలికిని కాంతిని వంచు శక్తి వేరగుటచేత, వాని మిశ్రమమునుండి పోవు లేసరు రేఖ వణకును, చీలును, గ్రాహకము మీద ఒక క్షణము అధికముగను, మరుక్షణము అల్పముగను పడును. నక్షత్రములు మినుకుమినుకుమనుటకును ఇదియే హేతువు. ఈ అలజడి నేలకు చేరువలో తీవ్రము, ఎత్తునకు పోయినకొలది మందము. సూర్యోదయ, సూర్యాస్తమయముల వేళ స్వల్పము, నడిమధ్యాహ్నమున ప్రబలము. కావున పరికరమును రేకుల కప్పు మీదనే బిగించి తృప్తిపడక, పొడవైన కట్టడము మీదనో, గుట్ట మీదనో నిలుపుట మేలు. ఒక్క కిరణమునకు బదులు నాలుగు కిరణములను ఎడమెడముగా పంపి, ఒకటి తడబడినను తక్కినవి చేరునట్లు చేయు పద్ధతియు కలదు.

రెండవది ధూళి. జూన్, జూలై మాసములలో రామగిరి, శింగనమల గుట్టల మీది గాలిమరలను త్రిప్పు ఆ నైరుతి గాలియే, కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో వేదవతి ఒడ్డు ఇసుకను లేపి పొలముల మీద దిబ్బలుగా పోయును. తాడిపత్రి వైపు సున్నపురాతి గనులును, సిమెంటు కర్మాగారములును ఉన్నవి. ఇట్టి చోట్ల గాలిలోని దుమ్మును మాత్రమే గాక, పరికరపు అద్దము మీద పేరుకొను దుమ్మును గూడ లెక్కలోనికి తీసికొని, అద్దము తుడుచుటకు ఒక మనిషిని, ఒక నియమమును ముందే ఏర్పరుపవలెను.

మూడవది ఊగుట. లేసరు రేఖ సన్ననిది కాబట్టియే దూరము పోగలదు. సన్ననిది కాబట్టియే గురి తప్పుట సులభము. ఒక మిల్లీరేడియను, అనగా డిగ్రీలో పదునేడింట ఒక వంతు, పెట్టె ప్రక్కకు జరిగినచో పది కిలోమీటర్ల దూరమున రేఖ పది మీటర్లు తొలగును. గాలికి ఊగు టవరుమీద, పగటి వేడికి సాగు ఇనుప దూలము మీద ఇది చాల స్వల్పమైన కదలిక. అందువలననే దూరపు లంకెలలో ఎదుటి వెలుగును కనిపెట్టుచు తన గురిని తానే సరిదిద్దుకొను అద్దము లమర్తురు. నాలుగవది సూర్యుడు. తూర్పు పడమరలుగా నిలిపిన లంకెలో, మార్చి, సెప్టెంబరు మాసములందు రాత్రింబవళ్ళు సమానమగు దినములలో, ఉదయించు సూర్యుడు నేరుగా కటకములోనికి తొంగిచూచి గ్రాహకమును కొంతసేపు అంధము చేయగలడు. వీలైనంతవరకు ఆ దిశను తప్పించుట వివేకము. భూమి గుండ్రదనమును గూడ మరువరాదు. ఇరువది కిలోమీటర్ల లంకెకు నడుమ భూమి ఎనిమిది మీటర్ల మేర ఉబికి యుండును. దాని మీద చెట్లు, మేడలు వేరు.

ఇవన్నియు ఎరిగిన సంస్థ ఏమి చేయవలెను? కాంతిలంకెను ఒంటరిగా నమ్మరాదు. 99.9 వంతుల లభ్యత యనగా ఏడాదికి సుమారు ఎనిమిది గంటల నలువదియైదు నిమిషముల విరామము. ఉత్తరములు పంపుకొను కార్యాలయమున కది లెక్కలోనిది కాదు; నిమిషముల లెక్కన కార్లు కూర్చు పట్టాల యొద్ద అది పెద్ద నష్టము. కావున దానికి జతగా ఒక రేడియో లంకెను గూడ నిలిపి, ఒకటి మందగించినపుడు రెండవది తనంతట తానే భారము వహించునట్లు ఏర్పాటు చేయవలెను. అతి హ్రస్వమైన రేడియో తరంగములను వాన చెరచును, కాంతిని మంచు చెరచును. ఆ రెండును ఒకేమారు ఒకే చోట విజృంభించుట అరుదు. రేఖ సన్ననిదగుటచేత దారిలో దొంగిలించుట కష్టమే యైనను, సమాచారమును గుప్తలిపిలోనే పంపవలెను. కేబులు వచ్చిన పిదపనైనను లంకెను పీకివేయక, కేబులు తెగిన దినమునకు రక్షగా నిలుపుకొనవలెను.

ఈ ప్రయోజనము పెద్ద కర్మాగారములకే పరిమితము కారాదని నా గాఢమైన కోరిక. హిందూపురము, తూముకుంట పారిశ్రామికవాడలలోని చిన్న యంత్రశాలలకు, రాయదుర్గములో జీన్సు వస్త్రములు కుట్టు కేంద్రములకు, ధర్మవరపు పట్టు నేతగాండ్ర సహకార సంఘములకు గూడ కుట్టుపని ఒకచోట, అద్దకము ఒకచోట, గిడ్డంగి ఒకచోట, కొట్టు వేరొకచోట ఉండుట సహజము. ఒక్కొక్కరు ఒక్కొక్క కేబులు తెచ్చుకొనలేరు. పెద్ద సంస్థ తన టవరు మీద కొంత చోటిచ్చినచో, పది చిన్న సంస్థలు కలసి ఒక లంకెను పంచుకొనగలవు. అదే దారిని ప్రక్క ఊరి బడియు, ఆసుపత్రియు వాడుకొనగలవు. నేల యిచ్చిన గ్రామములకు పరిశ్రమ తీర్పదగిన ఋణములలో ఇది యొకటి.

చివరగా ఒక విజ్ఞప్తి. మన ఆకాశము నిర్మలమని కంటితో చూచి చెప్పుట ఒక మాట. ఏ మాసమున, ఏ గంటకు, కిలోమీటరునకు ఎన్ని డెసిబెల్సు నష్టమో కొలిచి చెప్పుట వేరొక మాట. రెండవ మాట లేనిదే ఏ సంస్థయు ధైర్యముగా పెట్టుబడి పెట్టజాలదు. 1946లో ఆరంభమై 1948లో అనంతపురము పట్టణమునకు తరలివచ్చిన మన ఇంజనీరింగు కళాశాల, నేడు ఇచ్చటి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు పుట్టినిల్లై యున్నది. అచ్చటి ఆచార్యులను, విద్యార్థులను నేను కోరున దొక్కటే: పెనుకొండ వైపు ఒక జత, తాడిపత్రి వైపు ఒక జత, కణేకల్లు వైపు ఒక జత పరికరములను నిలిపి, వేసవిని, గాలికాలమును, వానలను, మార్గశిర పుష్యముల ఉదయములను పూర్తిగా ఒక సంవత్సరము కొలిచి, ఆ లెక్కలను పెద్ద పరిశ్రమకును, చిన్న పరిశ్రమకును సమానముగా అందునట్లు ప్రకటింపుడు. పరిశ్రమల యజమానులారా, ఆ పనికి వలయు పరికరములను సమకూర్పుడు. గుత్తి నేలమీద గొలుసు పరచి కొలిచినవారు పరదేశీయులు. ఈ ఆకాశమును కొలువవలసినవారము మనము.